ఓడల్లేని రేవుకు ప్రమాద హెచ్చరిక

*కళింగపట్నం నుంచి హిరమండలం దాకా వంశధార వెంట నడిస్తే, రెండు వేల ఏళ్లలో ఖాళీ అయిన ఊళ్లన్నీ ఒక్క వరసలో కనిపిస్తాయి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు అందరి నోటా నలుగుతున్న ఈ రోజుల్లో ఆ వరస ఓసారి చూసి రావడం మంచిది.*

అక్టోబరు వచ్చిందంటే ఉత్తరాంధ్ర చెవులన్నీ వాతావరణ వార్తల మీదే. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తుంది. "కళింగపట్నానికి ఆగ్నేయంగా" అంటూ దూరం చెబుతారు. ఆ వెంటనే విశాఖపట్నం, గంగవరం, భీమునిపట్నం, కళింగపట్నం పోర్టులకు ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక అని చదువుతారు. చిన్నప్పట్నుంచీ వింటున్న పేర్లే కాబట్టి ఎవరూ ఆగి ఆలోచించరు.

అదే సమయంలో కళింగపట్నం ఒడ్డున నిలబడి చూడండి. ఏటకెళ్లినవాళ్లు తిరిగొచ్చేశారు. పది పన్నెండు మంది భుజం పట్టి, పడవను నీళ్లకు అందనంత దూరం ఇసకలోకి లాగుతున్నారు. ఆడవాళ్లు వలలు చుట్టి ఇళ్లకు మోస్తున్నారు. వెనక దీపస్తంభం వెలుగు సముద్రం మీద తిరిగి వస్తోంది. ఆ వెలుగు పడేచోట ఓడ లేదు. లంగరు లేదు. సరుకు దింపే జెట్టీ లేదు. అయినా పోర్టుకు హెచ్చరిక మాత్రం ఏటా తప్పకుండా వస్తుంది.

పోర్టు పోయింది, పేరు ఉండిపోయింది. ఈ కథనం అలా ఉండిపోయిన పేర్ల గురించి.

దీపం లేని ఊరు

ప్రపంచంలో ఖాళీ అయిన నగరాల వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ తిరుగుతున్నాయి. ఇసకలో కూరుకుపోయిన బంగళాలు, తుప్పు పట్టిన రంగులరాట్నం, వెనక భయపెట్టే సంగీతం. వాటికి ఇంగ్లీషువాళ్లు దెయ్యం పేరు పెట్టారు. మనవాళ్లకు దెయ్యంతో పని పడలేదు. ఒకప్పుడు జనం ఉండి ఇప్పుడు లేని మెరకను 'పాటిదిబ్బ' అన్నారు. ఆ పాటిమన్ను తవ్వి పొలాలకు ఎరువుగా తోలుకున్నారు. రెవెన్యూవాళ్లు 'బేచిరాగ్ గ్రామం' అని రాసుకున్నారు. పారశీకం నుంచి వచ్చిన ఆ మాటకు దీపం లేనిది అని అర్థం. పటంలో ఊరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, సాయంత్రం దీపం పెట్టే మనిషే ఉండడు.

దీపం ఎవరార్పారు? ఈ ప్రశ్న పట్టుకుని వంశధార వెంట పైకి పోదాం.

రైలు పక్కనుంచి వెళ్లిపోయింది

కళింగపట్నం దీపస్తంభం 1876 నాటిది. దీపస్తంభం కట్టారంటే దాన్ని చూసుకుని వచ్చే ఓడలున్నట్టే. ఆవిరి ఓడలు దూరంగా లోతు నీళ్లలో ఆగేవి. ఒడ్డునుంచి పడవలు వెళ్లి సరుకునూ మనుషులనూ ఓడకు చేర్చేవి. ఈ పక్క నుంచి ధాన్యం, నూనెగింజలు వెళ్లేవి. వాటితోపాటు మనుషులు కూడా వెళ్లారు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి వేలమంది కూలి కోసం బర్మా ఓడ ఎక్కారు. రంగూన్ అనలేక, అనక్కర్లేక 'రంగం' అన్నారు. "ఆళ్ల తాత రంగం ఎల్నాడు" అనే మాట ఇప్పటికీ ఈ తీరంలో చాలా ఇళ్లలో వినిపిస్తుంది. 1941 చివర్లో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక వాళ్లలో ఎందరో అడవుల్లో పడి నడుచుకుంటూ తిరిగొచ్చారు. కొందరు రాలేదు.

అప్పటికే రేవుకు రోజులు దగ్గరపడ్డాయి. కారణం సముద్రం కాదు, రైలు. 1890లలో మద్రాసు, కలకత్తాలను కలుపుతూ తూర్పుతీరపు రైలు మార్గం వేశారు. అది కళింగపట్నం రాలేదు. చాలా లోపలికి, ఆమదాలవలస మీదుగా వెళ్లిపోయింది. తుపానుకు ఆగకుండా, పడవల మీదికి ఎక్కించి దించే బాధ లేకుండా, బస్తా నేరుగా పెట్టెలోకి ఎక్కే సౌకర్యం వచ్చాక ఒడ్డున ఓడ కోసం ఎవరు కాచుకుంటారు? షావుకార్లు జరిగారు. వాళ్ల వెనక కాటావాళ్లు, కళాసీలు జరిగారు.

ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. రైలు శ్రీకాకుళం పట్నానికీ రాలేదు. అందుకే ఆమదాలవలస స్టేషన్ పేరు 'శ్రీకాకుళం రోడ్'. దిగి రోడ్డు పట్టుకుని పట్నం పోవాలని ఆ పేరులోనే ఉంది. మరి కళింగపట్నం చిక్కిపోయినట్టు శ్రీకాకుళం ఎందుకు చిక్కిపోలేదు? దానికి కచేరీ ఉంది, కోర్టు ఉంది, 1950 ఆగస్టు 15న జిల్లా కేంద్రం హోదా వచ్చింది. రైలు తప్పిపోయినా కాగితం పని మిగిలింది. కళింగపట్నానికి ఓడ తప్ప వేరే పని లేదు. ఒకే పని మీద బతికే ఊరికి ఆ పని పోతే ఏమవుతుందో చెప్పడానికి ఆఫ్రికా ఎడారి దాకా వెళ్లక్కర్లేదు.

---

బాక్సు: దేశదేశాల ఖాళీ ఊళ్లు

ప్రిప్యత్ (ఉక్రెయిన్): చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన మర్నాడు, 1986 ఏప్రిల్ 27న, దాదాపు 49 వేల మందిని బస్సులెక్కించారు. మూడు రోజుల్లో తిరిగొస్తామనుకుని వెళ్లారు. మళ్లీ కాపురాలు పెట్టలేదు.

కోల్మన్‌స్కోప్ (నమీబియా): 1908లో ఇసకలో వజ్రాలు దొరికాయని ఎడారిలో పట్నం లేచింది. ఇంకోచోట అంతకన్నా మంచి వజ్రాలు దొరికాయి. 1956 నాటికి ఆఖరి మనిషీ వెళ్లిపోయాడు. ఇప్పుడు గదుల్లో మోకాలి లోతు ఇసక.

హషిమా (జపాన్): సముద్రం అడుగున బొగ్గు తవ్వడానికి చిన్న దీవిలో అయిదు వేలమందికి పైగా కిక్కిరిసి బతికారు. 1974లో గని మూశారు. కొన్ని నెలల్లో దీవి ఖాళీ.

ధనుష్కోడి (తమిళనాడు): 1964 డిసెంబరు తుపాను ఊరితోపాటు రైలునూ మింగింది. తర్వాత ఆ చోటు నివాసానికి పనికిరాదని ప్రకటించారు.

---

భిక్ష పెట్టే చేతులు జరిగిపోతే

కళింగపట్నం నుంచి నది దక్షిణపు ఒడ్డున కొద్ది దూరం పైకి వస్తే శాలిహుండం కొండ. మెట్లెక్కి పైకి చేరితే ఒక పక్క వంశధార మెలికలు, దూరంగా అది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తాయి. ఈ కొండ మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు వరసగా ఉన్నాయి. ఒక స్తూపం పునాది బండిచక్రంలా ఆకులతో ఉంటుంది. ఇక్కడ దొరికిన తార, మారీచి విగ్రహాలు చూస్తే బౌద్ధం మొదట్లోనే కాక చివరి దశ దాకా, వెయ్యేళ్లకు పైగా, ఈ కొండ మీద దీపం వెలిగిందని తెలుస్తుంది.

భిక్షువు దున్నడు, నాటడు. కింద రేవులో దిగిన వర్తకుడో, రాజుగారి బంధువో కొండెక్కి దానం చేస్తేనే పైన పొయ్యి వెలుగుతుంది. తర్వాతి కాలంలో రాజుల భక్తి శివుడి వైపు తిరిగింది. కొండ ఎక్కేవాళ్లు తగ్గారు. యుద్ధం అక్కర్లేకుండానే ఊరు ఎలా ఖాళీ అవుతుందో శాలిహుండం ఇటుకలు చెబుతాయి.

ఈ కొండను మళ్లీ లోకం కళ్లబడేలా చేసింది 1919లో గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోట్లాడిన మనిషిగానే ఆయన్ను తెలుగువాళ్లు గుర్తుపెట్టుకున్నారు. ఆయన పుట్టింది 1863లో, ఇదే వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. పర్లాకిమిడి బళ్లో పంతులుగా ఉంటూ, పాత లిపులు సొంతంగా నేర్చుకుని, ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదివారు. చదవడానికి మనిషి లేక మూగబోయిన ఊళ్లకు మళ్లీ నోరిచ్చిన పంతులు ఆయన.

శాలిహుండం దాటి పైకి వస్తే సరుబుజ్జిలి మండలంలో, రొట్టవలస దగ్గర, మట్టి గోడల కోట ఒకటి ఉంది. జనం దాన్ని దంతవక్త్రుడి కోట అంటారు. బౌద్ధ గ్రంథాలు చెప్పే దంతపురం ఇదేనని వాదించే చరిత్రకారులున్నారు. బుద్ధుడి దంతాన్ని ఆ నగరం నుంచే రాజకుమార్తె హేమమాల కొప్పులో దాచి సింహళానికి తీసుకెళ్లిందని కథ. ఊరు వదిలేవాళ్లు అన్నిటికన్నా ముందు దేవుణ్ణి పట్టుకెళ్తారు. ఈ మాట గుర్తుంచుకోండి, హిరమండలంలో మళ్లీ వస్తుంది.

రాజు గెలిచాడు, రాజధాని ఓడింది

ఇంకా పైకి, జలుమూరు మండలంలో శ్రీముఖలింగం. మామూలు రోజున వెళ్తే అరటిపండ్ల బండి, కొబ్బరికాయల దుకాణం, అరుగు మీద కబుర్లు చెప్పుకునే ముసలాళ్లు. ఇది తూర్పు గంగుల రాజధాని కళింగనగరం అంటే కొత్తవాళ్లు నమ్మరు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాల మీది చెక్కడాలు చూశాక మాత్రం నమ్మక తప్పదు.

1078లో పట్టాభిషేకం జరుపుకున్న అనంతవర్మ చోడగంగ దేవుడు అమ్మ వైపు చోళుడు, నాన్న వైపు గంగుడు. పేరులోనే రెండూ ఉన్నాయి. దాదాపు డెబ్భై ఏళ్లు ఏలాడు. ఉత్కళం గెలిచాడు. రాజ్యం గోదావరి నుంచి గంగ దాకా సాగింది. అంత రాజ్యానికి వంశధార ఒడ్డు ఒక మూల అయిపోయింది. పన్నెండో శతాబ్దం తొలి భాగంలో రాజధాని ఇప్పటి కటక్‌కు మారింది. పూరీలో జగన్నాథుడి గుడి కట్టడం మొదలైంది ఈయన హయాంలోనే.

శత్రువులెవరూ కళింగనగరాన్ని తగలబెట్టలేదు. వరద ముంచలేదు. రాజు ఓడిపోయి ఉంటే ఊరు రాజధానిగానే మిగిలేదేమో. గెలుపే దాన్ని ఖాళీ చేసింది. ముఖలింగం పక్కనే నగరికటకం అనే ఊరు ఇప్పటికీ ఉంది. కటకం అంటే రాజు దండు విడిసిన చోటు. ఆ రాజు వెళ్లి కూర్చున్న కొత్త చోటు పేరూ కటకమే. మాట ఒకటే. ఒకటి ఒడిశాలో మహానగరమైంది, ఇంకోటి ఇక్కడ వరి చేల మధ్య మిగిలింది.

మరి ముఖలింగం శాలిహుండంలా ఎందుకు పాడుపడలేదు? గర్భగుడిలో మధుకేశ్వరుడి వెనక ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. పిల్లలు లేని కుమ్మరి ఒకడు మొక్కుకుని సమర్పించాడని చెబుతారు. రాజుల దానాలు శాసనాలుగా రాళ్ల మీద ఉన్నాయి, కుమ్మరి గోలెం మట్టితోనే నిలిచింది. రాజు పోషించిన గుడి రాజుతో పోతుంది, కుమ్మరికీ కాపుకీ కూడా అవసరమైన గుడి ఉండిపోతుంది. శివరాత్రి జాతర రోజుల్లో ఒడిశా నుంచి కూడా వచ్చే జనంతో, చక్రతీర్థ స్నానం నాడు వంశధార ఇసక తిన్నెలు నిండిపోతాయి. ఆ ఒక్కరోజు కళింగనగరం తిరిగి నగరమవుతుంది.

---

బాక్సు: మన నేల మీద మరికొన్ని

కోరంగి: గోదావరి పాయ మీద ఓడలు కట్టే రేవు. 1839 నవంబరు 25 తుపానులో దెబ్బతింది, మళ్లీ కోలుకోలేదు. బర్మాలో తెలుగువాళ్లందరినీ 'కోరంగీలు' అనడం మాత్రం తర్వాత వందేళ్లు సాగింది.

విజయపురి: ఇక్ష్వాకుల రాజధాని. నాగార్జునసాగర్ నీళ్లొచ్చేలోపు 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వారు. దొరికినవాటిని నాగార్జునకొండ మీద మ్యూజియంలో పెట్టారు. అప్పటి కొండ ఇప్పుడు దీవి.

శ్రీశైలం ముంపు: 1981లో దాదాపు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరుడు మాత్రం అక్కడే ఉండి, జలాశయం నీరు తగ్గినప్పుడు బయటపడతాడు.

బొబ్బిలి: 1757 జనవరి 24 యుద్ధంలో పాత కోట బూడిదైంది. బొబ్బిలి మాత్రం మళ్లీ లేచింది. యుద్ధం జరిగిన చోట 1891లో స్మారక స్తంభం నిలిపారు.

---

"ఆ నీళ్లల్లోనే ఉన్నాది"

ముఖలింగం నుంచి ఇంకాస్త పైకి వస్తే గొట్టా బ్యారేజీ, దాని పక్కనే హిరమండలం రిజర్వాయరు. వంశధార రెండో దశలో కట్టిన ఈ జలాశయం సామర్థ్యం 19 టీఎంసీలు. గట్టు మీద నిలబడి చూస్తే కొండల దాకా నీళ్లు. అందంగా ఉంటుంది. ఆదివారం పూట కుర్రాళ్లు వచ్చి ఫొటోలు దిగుతారు.

పాడలి, తులగాం, ఇరపాడు, దుగ్గుపురం. ఈ నీళ్ల కింది పేర్లలో ఇవి కొన్ని. ఆ ఊళ్లవాళ్లను మీదే ఊరని అడిగితే పాత పేరే చెబుతారు. ఎక్కడుందంటే నీళ్ల వైపు చెయ్యి చాపుతారు. "అదిగో, ఆ నీళ్లల్లోనే ఉన్నాది" అంటారు. ఉండేదని అనరు.

ఏళ్ల తరబడి సాగిన భూసేకరణ, నోటీసులు, ధర్నాల తర్వాత 2017లో ఈ ఊళ్లు ఖాళీ అయ్యాయి. కరెంటు తీసేశారు. పొక్లెయిన్లు వచ్చాయి. రెవెన్యూవాళ్ల 'బేచిరాగ్' మాట అక్షరాలా నిజమైంది. యంత్రం గోడ మీద పడకముందే జనం తమ ఇళ్లు తామే విప్పుకున్నారు. ద్వారబంధాలు, తలుపులు, దూలాలు, పెంకులు ట్రాక్టర్లకు ఎక్కించారు. గ్రామదేవతను తీసుకెళ్లారు, హేమమాల దంతాన్ని తీసుకెళ్లినట్టు.

తీసుకెళ్లలేనివి ఏవో వాళ్లకే తెలుసు. చింతచెట్టు ట్రాక్టరెక్కదు. కళ్లం ఎక్కదు. వల్లకాటిలో ఉన్న పెద్దవాళ్లు ఎక్కరు. పునరావాస కాలనీలో సెంట్ల లెక్కన స్థలం ఇస్తారు. అందులో మనిషికి ఇల్లు సరిపోతుంది, గేదెకు సాల ఎక్కడ కట్టాలి? గేదె పోతే పాలు పోయాయి, పేడ పోయింది, పొద్దున్నే లేవడానికి ముసలమ్మకు ఉన్న కారణం పోయింది. సొంత చేలో కూలీలను పిలిచినవాడు వేరేవాళ్ల చేలో కూలికెళ్లాలి, లేదంటే విశాఖ, హైదరాబాద్ బస్సెక్కి తాపీ పనికి పోవాలి.

ఇక 'పేకేజీ'. కాలనీల్లో ఈ ఇంగ్లీషు మాట రాని మనిషి లేడు. ఇంటికింత, ఎకరానికింత, పద్దెనిమిదేళ్లు నిండిన యువతకింత. నిండడం అంటే ఏ తేదీ నాటికి? ఆ 'కటాఫ్' తేదీకి రెండు నెలలు తక్కువైన కుర్రాడు, ఇంకో ఇంట్లో రెండు నెలలు ఎక్కువైన కుర్రాడు ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. ఊరు మునిగాక కూడా ఆ తేడా మునగలేదు.

ఎదుటి పక్షం మాటా వినాలి. నదికి దిగువన, కాలువ చివర, నీరందక ఎండిన చేల రైతు ఈ రిజర్వాయరు కోసం తరాలుగా ఎదురుచూశాడు. అతని ఆశ అబద్ధం కాదు. వంశధార నీళ్ల కోసం ఆంధ్రా, ఒడిశా చేసుకున్న ఒప్పందం 1962 నాటిది. తగువు తీర్చే ట్రైబ్యునల్ తీర్పు 2017 సెప్టెంబరులో వచ్చింది. ఆ నీళ్లను మళ్లించాల్సిన నేరడి బ్యారేజీ ఇంకా కాగితం మీదే ఉండగా, హిరమండలం రిజర్వాయరు నింపడానికి గొట్టా నుంచి ఎత్తిపోతల పథకం పెట్టాల్సి వచ్చింది. ఊళ్లు ముందు ఖాళీ అయ్యాయి, నీళ్ల లెక్కలు తర్వాత సర్దుకుంటున్నాయి.

వలస అనే ఊరిపేరు

ఇప్పటిదాకా చూసిన నాలుగు చోట్లనూ పక్కపక్కన పెట్టండి. కళింగపట్నాన్ని ఖాళీ చేసిన గీత రైల్వే ఇంజనీరు బల్ల మీద గీసింది. శాలిహుండానిది దాతల మనసులో మార్పు. ముఖలింగానిది కటకంలో కూర్చున్న రాజు అవసరం. పాడలి, ఇరపాడులది రాజధానిలో సంతకమైన ఫైలు. ఊరు ఖాళీ చేయించే నిర్ణయం ఏనాడూ ఆ ఊరి రచ్చబండ మీద జరగలేదు.

అయితే ఈ జిల్లాల పటం చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. ఆమదాలవలస, రొట్టవలస, కొల్లివలస, వెన్నెలవలస, మద్దువలస, చిట్టివలస. తెలుగునాట ఇంకెక్కడా ఇన్ని వలసలు లేవు. ఎక్కడో ఒక ఊరు వదిలి వచ్చినవాళ్లు పాకలు వేసుకున్న చోటే ఈ 'వలస'. అంటే ఇక్కడ ప్రతి రెండో ఊరి పునాదిలోనూ ఎక్కడిదో ఒక పాటిదిబ్బ ఉంది. ఈ నేలకు ఊరు మారడం కొత్త కాదు. ఏటా వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లే ఈ తీరపు మత్స్యకారులది కూడా అదే దారి. 2018లో పాకిస్తాన్ జలాల్లో పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చిన 20 మంది గురించి లోకమంతా విన్నది. ఆ పద్నాలుగు నెలలూ వాళ్ల ఊళ్లు ఎట్లా గడిచాయో ఇక్కడివాళ్లకే తెలుసు.

తనకు తానుగా లేచిన వలసకూ, లేపిన వలసకూ తేడా ఉంది. మొదటిదాంట్లో ఎప్పుడు వెళ్లాలో, ఎవరి పక్కన గుడిసె వేసుకోవాలో మనిషే తేల్చుకుంటాడు. రెండోదాంట్లో ప్లాటు నంబరు తేలుస్తుంది.

విజయనగరం జిల్లా భోగాపురంలో విమానాశ్రయానికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి. రెండు వేల రెండొందల ఎకరాల ఆ స్థలంలో మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట అనే నాలుగు ఊళ్లుండేవి. జీడితోటలు, కొబ్బరిచెట్లు, పూలతోటల నేల. వాళ్లకు పోలిపల్లి, గూడెపువలసల దగ్గర కాలనీలు కట్టారు. పేరులో ఇంకోసారి వలస.

మూలపేట ఎక్కడుంది?

మళ్లీ సముద్రం దగ్గరికి వచ్చేద్దాం. కళింగపట్నానికి ఉత్తరంగా, సంతబొమ్మాళి మండలంలో, శ్రీకాకుళం జిల్లాకు మళ్లీ ఒక రేవు వస్తోంది. మొదట భావనపాడు పోర్టు అన్నారు. తర్వాత స్థలం జరిగింది, మూలపేట పోర్టు అయింది. 2023 ఏప్రిల్ 19న పనులకు శంకుస్థాపన చేశారు. అంచనా 4,362 కోట్ల రూపాయలు, నాలుగు బెర్తులు.

తాతలు రంగం ఓడెక్కిన తీరంలో మనవలు వలసపోకుండా ఇక్కడే పని దొరుకుతుందన్నది ఆశ. చిన్న ఆశేమీ కాదు. దానికోసం మూలపేట, విష్ణుచక్రం అనే రెండు ఊళ్లు లేచిపోవాలి. ఆ కుటుంబాలకు నౌపడలో, ఉప్పుమళ్లకు పేరుపడ్డ చోట, కాలనీ స్థలం చూపించారు.

కాబట్టి రేపో మాపో, ఏదో ఒక అక్టోబరు రాత్రి, వాతావరణ వార్తల్లో ఒక కొత్త పేరు చేరుతుంది. విశాఖపట్నం, గంగవరం, భీమునిపట్నం, కళింగపట్నం, మూలపేట. కళింగపట్నంలో ఊరుంటుంది, పోర్టు ఉండదు. మూలపేటలో పోర్టుంటుంది, ఊరుండదు. నౌపడ కాలనీలో టీవీ ముందు కూర్చున్న ముసలాయన ఆ పేరు వినగానే అలవాటు చొప్పున లేచి, పడవ పైకి లాగారో లేదో చూడ్డానికి గుమ్మం దాకా వస్తాడు. అక్కణ్ణుంచి సముద్రం కనిపించదు.